అన్న కార్ఖానాలో రెండు ప్యాకేజీల కొట్లాట

కంప్యూటర్ వద్దు మొర్రో అంటున్నా వినకుండా, బలవంతాన దాని గొంతులోకి దూర్చి, "చూసినవా, చేసింది" అని మీసం మెలేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మా అన్న సరిగ్గా ఆ బాపతు మనిషి. మరాఠీ మాట్లాడే మా ఊళ్లో అశోక్ చౌక్ దాటాక వచ్చే సందుల్లో ఆయనకో కార్ఖానా ఉంది. పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, టవళ్లు నేయిస్తాడు. వాటిలో కంప్యూటర్‌తో నడుస్తూ బొమ్మలు నేసే జకార్డ్ మగ్గం ఒక్కటే, దాన్ని అందరం పెద్ద మగ్గం అంటాం. ఆ మగ్గం కంప్యూటర్‌లోకి అన్న దూర్చిన ఒక్క ప్యాకేజీ వల్ల మా ఆయన చేతి పనికి మచ్చ వచ్చింది. దాని గురించే ఇదంతా రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను గానీ అది చల్లారేలా లేదు.

నేను చేసే పని ఏమిటో చెబితే మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో సగం మందికి అర్థం కాదు. మిగతా సగం మంది కంప్యూటర్ రిపేర్ అనుకుని, పాడైన రిమోట్లు పట్టుకొస్తారు. మగ్గాలను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కట్టి కార్ఖానాలకు ఇవ్వడం నా పని. ప్యాకేజీ అంటే మూట. ఏ ఫైలు ఎక్కడ పెట్టాలో, దానికి తోడు ఇంకేం కావాలో ఆ మూటలోనే రాసి ఉంటుంది. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే గదిలోనే, కిటికీ పక్కన నా బల్ల. తంబాకు పొడి కీబోర్డు సందుల్లోకి పోతోందని నేను, నా ఫ్యాను గాలికి ఆకు ఎండి విరిగిపోతోందని ఆమె రోజూ తిట్టుకుంటాం.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. అన్న కార్ఖానాలోనే పెద్ద మగ్గం మీద నేసేవాడు. అన్న ఆయన్ని బావా అంటాడు, ఆయనా అన్నను బావా అనే అంటాడు. ఇద్దరూ ఒకే సందులో గోలీలాడి పెరిగారు. ఒకరు కార్ఖానాకు యజమాని అయ్యారు, ఇంకొకరు అందులో నేత పనివారయ్యారు. దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

జరిగింది అర్థం కావాలంటే మావాళ్లు పడుగు ఎలా మారుస్తారో చెప్పాలి. మగ్గం మీద నిలువునా సాగి ఉండే దారాలు పడుగు. అది అయిపోవచ్చినప్పుడు పాతదాన్ని పూర్తిగా ఊడదీయరు. దాని కొసలను మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగులోని పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు ముడి వేస్తారు. దీన్ని అతకడం అంటారు. తర్వాత పాతదాన్ని ముందుకు లాగితే కొత్తది దాని వెంటే వచ్చి ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నట్టు కూర్చుంటుంది. వేల పోగులుంటాయి. మొదటి పోగు తప్పు పట్టుకుంటే చివరిదాకా అన్నీ ఒకటి జరిగిపోతాయి. మా చద్దరు పడుగులో ఒక పోగు తెలుపు, పక్కది రంగు. కాబట్టి ఒకటి జరిగితే తెలుపు రావాల్సిన చోట రంగొచ్చి బొమ్మ పాడవుతుంది.

మా ఆయన అతికిన పడుగులో అలాంటి తప్పు ఎవరూ చూడలేదు. పక్క కార్ఖానాల వాళ్లు కూడా తొందర పని ఉంటే ఆయన్నే పిలుచుకుపోయేవాళ్లు. ఆయన ముడి వేస్తుంటే బొటనవేలు, చూపుడువేలు కదిలినట్టే కనబడవు, ముడి మాత్రం పడిపోతుంది. మాటలు తక్కువ మనిషి. ఆ సందుల్లో ఆయనకున్న పేరంతా ఆ ముడుల వల్ల వచ్చిందే.

ఇక మా అన్న. నాన్న ఆయనకు అతకడం నేర్పబోతే వేళ్లు నొప్పులని పారిపోయాడు, జన్మలో ఒక్క పడుగు అతకలేదు. కానీ పాతదాన్ని తీయకుండా దానికే కొత్తది అతకాలన్న మాట మాత్రం ఆయన బుర్రలో పాతుకుపోయింది. కొత్త ఫోను కొన్నా పాతది ఇంకో జేబులో ఉండాల్సిందే. ఇంట్లో కొత్త నల్లా బిగిస్తే పాత నల్లాను గోడకే వదిలేశాడు, అది ఇప్పటికీ కారుతూనే ఉంది. ఏదైనా పాతది తీసేద్దామంటే చాలు, "పాతది తీసేస్తే కొత్తదాన్ని దేనికి అతుకుతవ్?" అని ఎదురు అడుగుతాడు. అడిగి, గొప్ప మాట అన్నట్టు చుట్టూ చూస్తాడు.

పెద్ద మగ్గానికి రెండు ప్రోగ్రాములు కావాలి. ఒకటి పాత డిజైన్లను చదివేది. అది ముప్పై రెండు బిట్ల కంప్యూటర్ల కాలంలో ఎవరో చేసింది. దాని అసలు రాత, అంటే సోర్స్ కోడ్, ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు కాబట్టి దాన్ని మార్చలేం. రెండోది మగ్గాన్ని నడిపే కొత్త ప్రోగ్రాము, అరవై నాలుగు బిట్లది. ఈ రెండూ పంచుకుని వాడుకునే రాత ఒకటుంది, దాన్ని లైబ్రరీ అంటారు. జకార్డ్ కొక్కేల్లో ఏది ఏ పోగును లేపాలో లెక్క చెప్పేది అదే. ఆ లైబ్రరీ ముప్పై రెండు బిట్ల ప్యాకేజీ పాతకాలం నుంచి ఉంది, అరవై నాలుగు బిట్లది నేను కట్టాను.

ఒకే లైబ్రరీ రెండు రకాలుగా ఒకే కంప్యూటర్‌లో ఉండటం తప్పేం కాదు. ఉండటానికి వాటికి వేర్వేరు ఫోల్డర్లు, అంటే గదులుంటాయి. చిక్కంతా ఉమ్మడి చోటుతోనే. రెండు ప్యాకేజీలూ ఒకే పేరున్న ఫైలును ఒకే చోట పెడతామంటే, ఆ ఫైలు రెండింటిలోనూ పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. అప్పుడు ఇద్దరిదీ అనుకుని కంప్యూటర్ ఊరుకుంటుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా, ఇక్కడ ఇదివరకే ఫలానా ప్యాకేజీ ఫైలుంది, నీది పెట్టనివ్వను అని ఆపేస్తుంది. ఇల్లు కాలిపోకుండా కంప్యూటర్ మనకు చేసే సాయం అది. మా లైబ్రరీలో కొక్కేల పట్టిక అనే ఫైలు సరిగ్గా అలాంటిది. ముప్పై రెండు బిట్ల పట్టికలో ఒక్కో అంకెకు నాలుగు గళ్లు, అరవై నాలుగు బిట్ల దానిలో ఎనిమిది. పేరొకటే, చోటొకటే, లోపల రాసింది వేరు. లైబ్రరీ మొదట చేసినవాళ్లు ఇంకో రకం కంప్యూటర్ వస్తుందని అనుకోక దాన్ని ఉమ్మడి చోట పడేశారు. మిగతా కార్ఖానాల్లో పాత ప్రోగ్రాము వాడేవాళ్లు లేరు కాబట్టి ఈ గొడవ మా అన్న దగ్గరే బయటపడింది.

నడిచే మగ్గాన్ని ఆపి ఏ రిపేరూ చేయనివ్వరు మా దగ్గర. పడుగు అయిపోయి మగ్గం ఆగినప్పుడే నూనె పోసేవాడు, కరెంటు మనిషి, నాలాంటి కంప్యూటర్ మనిషి అందరూ ఒకేసారి మీద పడతారు. ఆ రోజు పొద్దున మా ఆయన మగ్గం వెనక పీట మీద కూర్చుని అతకడం మొదలుపెట్టాడు. ముందువైపు నేను పాత ప్యాకేజీ తీసేసి కొత్తది ఎక్కించి, కొక్కేలు ఖాళీగా ఆడించి చూసి, అంతా బాగుందని లేచాను. అన్న వచ్చి తెర వైపు తొంగి చూశాడు.

"పాతది తీసేసినవా?"

"ఇప్పటికైతే తీసేసిన. రెండు ఒక్క జాగల పడ్తలెవ్వు. ఇంటికాడ సరిచేసి తెస్త. అందాక పాత డిజైన్ ఏదన్న కావాల్నంటే నాకు పంపు, నేనే మార్చి ఇస్త."

"పాతది తీసేస్తే కొత్తదాన్ని దేనికి అతుకుతవ్?"

"ఇది దారం కాదన్నా."

"నాకు నేర్పకు. నా కార్ఖానల ఏది ఉండాల్నో నాకెరుక."

"ఉండాల్నంటే ఉంటది, నేను సరిచేసినంక. అందాక దాన్ని ముట్టకు." ఈ మాట రెండుసార్లు చెప్పాను. మా ఆయన కూడా విన్నాడు. నేను వెళ్తుంటే తలెత్తకుండానే, "తిన్నవా?" అని అడిగాడు. ఆ పూట ఆయన మాట్లాడింది అంతే.

తర్వాత ఏం చేశాడో అన్న తన నోటితోనే చెప్పాడు, అదేదో ఘనకార్యం అయినట్టు. ఒక భజన మండలి వాళ్లకు చద్దర్లు నేయాలి. అంచులో మండలి పేరు మరాఠీ అక్షరాల్లో రావాలి. పేరు పక్కన పాత డిజైన్లలో ఉన్న తామర పువ్వు వేస్తే బాగుంటుందని అన్నకు తోచింది. నాకు ఫోను చేస్తే అయిపోయేది. చెల్లెలికి ఫోను చేసి అడగడమా? పెన్ డ్రైవ్‌లో దాచుకున్న పాత ప్యాకేజీని తనే ఎక్కించబోయాడు. కంప్యూటర్ ఆపింది. ఫైలు పేరు చెప్పి మరీ ఆపింది. ఆయన కంప్యూటర్లు అమ్మే ఒక దోస్తుకు ఫోను చేశాడు. ఆ మహానుభావుడు ఆదేశానికి ఫోర్స్ అనే మాట చేర్చి టైపు కొట్టమన్నాడు. కొట్టాడు. కంప్యూటర్ ఇంకేం చేస్తుంది, నోరు మూసుకుని పాత పట్టికను తెచ్చి కొత్త పట్టిక మీద పడేసింది. తామర పువ్వు తెర మీద కనబడగానే అన్న చాయ్ తెప్పించుకుని తాగాడట.

అతకడం అయ్యాక పడుగుకు పసుపు కుంకుమ పెట్టి, ఊదువత్తి వెలిగించి, అదే రోజు కనీసం జానెడైనా నేయాలి. మా ఇంటి ఆచారం. పూజ చేసిన పడుగును ఊరికే ఉంచితే అరిష్టమంటారు. అందుకని ఎవరూ ముందు ఆడించి చూడలేదు, కొబ్బరికాయ కొట్టి మగ్గం నడిపేశారు. కొత్త ప్రోగ్రాము ఎనిమిది గళ్ల చొప్పున చదవడానికి చేసింది. దాని ముందున్నది నాలుగు గళ్ల పట్టిక. ఒక అంకె చదివి పక్క అంకెను మింగేస్తూ పోయింది. ఒక కొక్కెం లేస్తే పక్కది లేవలేదు. జానెడు గుడ్డ వచ్చేసరికి మండలి పేరు పళ్లూడిన నోరులా బయటికొచ్చింది.

అప్పుడు అన్న మా ఆయన్ని ఏమన్నాడో, అక్కడే కండెలకు నూలు చుట్టే అక్క ఒకామె నాకు తర్వాత చెప్పింది. పొల్లుపోకుండా చెప్పింది, చెబుతూ ఆమే కళ్లు తుడుచుకుంది.

"కండ్లు కనవడ్తలెవ్వా బావా? మొదటి పోగే తప్పు పట్టినవ్. అరే, గుడ్డోని చేతుల పెట్టిన గదరా నేను పెద్ద మగ్గాన్ని!"

కార్ఖానాలో అందరూ ఉన్నారు. పక్క కార్ఖానా యజమాని కూడా కొబ్బరి ముక్క తింటూ అక్కడే నిలబడి ఉన్నాడు. మా ఆయన గుడ్డను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడట. ఒక పోగు ఉంది, ఒకటి లేదు. పోగు జరిపి అతికితే వచ్చే తప్పు కూడా చూపుకు అచ్చం అలాగే ఉంటుంది. చివరికి, "ఉండొచ్చు" అన్నాడట. పడుగు తెంపి మళ్లీ మొదటి నుంచీ అతకమన్నాడు అన్న.

మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "కండ్ల డాక్టర్ ఎవరన్న మంచోడున్నడా?" అని అడిగాడు. అమ్మ చేతిలో బీడీ సగం చుట్టి ఆగిపోయింది. ఏమైందని నేనడిగితే ఏం లేదన్నాడు. మళ్లీ అడిగితే, "పడుగు జరిగింది. పేరుల అక్షరాలు ఊడినయి. తెంపిన" అన్నాడు. పడుగు జరగడం ఆ నోట వినడం అదే మొదటిసారి. నాకు అనుమానం రాలేదు, నేరుగా కోపమే వచ్చింది. ముట్టొద్దన్న దాన్ని అన్న ముట్టాడని ఆ క్షణమే తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే కార్ఖానాకు వెళ్లాను. మా ఆయన మళ్లీ మగ్గం వెనక కూర్చుని ముడులు వేస్తున్నాడు. ఒక్కో పోగును కళ్ల దాకా ఎత్తి చూసుకుని మరీ వేస్తున్నాడు. ఆయన అలా ఎత్తి చూడటం నేనెప్పుడూ ఎరగను. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్న అన్న దగ్గరికి పోయాను.

"పాత ప్యాకేజీ పెట్టినవా?" అని అన్నను అడిగాను.

"ఆ, పెట్టిన. వద్దన్నది. ఫోర్స్ కొట్టిన. పెట్టుకున్నది. కాయ్ ఝాలా?"

"ఏమైందా? నీ పాత పట్టిక నా పట్టిక మీద కూసున్నది. అందుకే అక్షరాలు ఊడినయి. బావ అతుకుల తప్పు లేదు."

"నీ మొగడు తప్పు చేస్తే కంప్యూటర్ మీదికి తోస్తున్నవ్. మగ్గం నడిచింది గదా? పువ్వు కనవడ్డది గదా? కంప్యూటర్ మంచిగనే ఉన్నది."

"ఒకసారి లేవు, తీసి చూపిస్త."

"పడుగు తెంపినం. గుడ్డ లేంది ఏం చూపిస్తవ్? పో, ఇంటికాడ అన్నం వండు పో."

నిజమే, మగ్గం మీద గుడ్డ లేదు. ఏ రుజువైనా మళ్లీ పడుగు ఎక్కాకే. అన్నం వండమన్న మాటకు ఏం జవాబు చెప్పానో ఇక్కడ రాయను, అమ్మ ఎవరితోనైనా చదివించుకుంటుంది.

ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చున్నాను. పని పెద్దదేం కాదు, ఇంటి దగ్గర సరిచేసి తెస్తానని మొదటే చెప్పాను కదా. కొక్కేల పట్టికను ఉమ్మడి చోటు నుంచి లేపి, ఏ రకానిది ఆ రకం గదిలోకి మార్చాను. లైబ్రరీ ఇకనుంచి తన గదిలోనే వెతుక్కునేలా రాశాను. అక్షరాల ఆకారాలు, రంగుల పేర్లలాంటివి ఏ రకానికైనా ఒకటే. వాటిని విడిగా తీసి, ముప్పై రెండుకూ అరవై నాలుగుకూ చెందని మూడో ప్యాకేజీగా కట్టాను. మిగతా రెండూ దాని మీద ఆధారపడతాయి. పాత పద్ధతిలో కట్టిన ప్యాకేజీ కనబడితే, దానితో కలిసి ఉండనని మొండికేసే వాక్యం కూడా చేర్చాను. నా కంప్యూటర్‌లో ఇది ముందు అది వెనక, అది ముందు ఇది వెనక, ఎలా ఎక్కించినా కిక్కురుమనలేదు. రెండూ హాయిగా పక్కపక్కన ఉన్నాయి. పక్కపక్కన ఉండలేనిది నేనూ మా అన్నే.

సాయంత్రం నేను వెళ్లేసరికి అతకడం పూర్తయి పసుపు కుంకుమ పెడుతున్నారు. అన్నను కుర్చీలోంచి లేవమన్నాను. లేవలేదు. కండెలు చుట్టే అక్క, "లెవ్వు సేఠ్, ఆడిబిడ్డ అడుగుతున్నది" అంటే అందరి ముందూ కాదనలేక లేచాడు. పాతవన్నీ తీసేసి నావి మూడూ ఎక్కించాను. ఫోర్స్ అవసరం పడలేదు. మగ్గం నడిచింది. మండలి పేరు నిండుగా, పక్కన తామర పువ్వుతో సహా వచ్చింది. నా గుండె మీది బండ దిగింది అనుకునేలోపే అన్న చప్పట్లు కొట్టాడు.

"చూసినరా? రెండోసారి మంచిగ అతికిండు. నేను తిట్టినందుకే గదా బుద్ధిగ చేసిండు!"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన తల ఊపాడు. "మొదటిసారి నాదే తప్పయి ఉంటది" అన్నాడు.

ఆయన కళ్లలోకి చూశాను. అన్నకు భయపడి అన్న మాట కాదది. నిజంగానే నమ్మాడు. నాకు అన్న మీద ఉన్న కోపం రెండింతలయింది. అబద్ధం చెప్పి తప్పించుకునేవాణ్ని భరించవచ్చు. మనిషి చేతుల మీద మనిషికే నమ్మకం లేకుండా చేసినవాణ్ని ఏం చేయాలి?

ఇంటికి వస్తూ బండి మీద వెనక నుంచి అరిచాను. "నువ్వెందుకు ఒప్పుకున్నవ్? మళ్ల అతికినందుకు కాదు, నేను సరిచేసినందుకు వచ్చినయి అక్షరాలు."

"రెండూ ఒక్కసారే అయినయి గదా. ఏది ఎందుకయ్యిందో ఎవలకెరుక?"

"నాకెరుక."

"నీ మొగడ్ని కాబట్టి నువ్వట్లంటవ్." చెప్పి బండి వేగం పెంచాడు.

తర్వాత ఆయన కళ్ల డాక్టరు దగ్గరికి పోయొచ్చాడు. కళ్లు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు చెబితే, ఆ డాక్టరుకేం తెలియదన్నాడు. అన్న ఆయన్ని పెద్ద మగ్గం మీది నుంచి తీసి, బొమ్మలేవీ రాని సాదా టవళ్ల మగ్గం మీద వేశాడు. "కొన్నాళ్లు రెస్ట్ తీస్కో బావా" అని తియ్యగా చెప్పాడు. పక్క కార్ఖానా యజమాని పడుగు అతకడానికి వేరేవాణ్ని పిలిచాడు. అశోక్ చౌక్‌లో చాయ్ తాగుతుంటే ఎవరో, "కండ్లు పోయినయట గదా" అని జాలిగా అడిగారు. ఆ రోజు ఆయన చాయ్ సగంలో వదిలేసి వచ్చాడు. ఇంట్లో అమ్మ బీడీలు కట్టే దారం తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని ముడి వేసి విప్పి, వేసి విప్పి చూసుకునేవాడు. మొదట్లో అమ్మ దారం పాడవుతుందని గొణిగింది. తర్వాత గొణగడం మానేసి దారం ఉండ ఆయనకు అందేలా పక్కన పెట్టడం మొదలుపెట్టింది. కుంభారి కొత్త కాలనీ నుంచి వచ్చే టవళ్ల నేతగాడు ఒకడు ఉదయం బస్సు దొరక్క రానప్పుడల్లా అన్న ఆ మగ్గం కూడా మా ఆయనకే అప్పగించేవాడు, ఎలాగూ కళ్లతో పని లేని పని కదా అని. అన్నాడు ఆ మాట కూడా.

అదిగో, ఆ మాట నా చెవిన పడ్డ రోజే నిర్ణయించుకున్నాను. పెద్ద మగ్గం మీద అప్పటికీ మా ఆయన అతికిన పడుగే ఉంది, అయిపోలేదు. అది ఉండగానే చేయాలి.

మధ్యాహ్నం కార్ఖానా నిండుగా ఉన్నప్పుడు వెళ్లాను. చెప్పులు కూడా విప్పకుండా పోయి పెద్ద మగ్గం ఆపేశాను. నడిచే మగ్గాన్ని ఆపడమంటే మా దగ్గర మామూలు తప్పు కాదు. నేసేవాడు బిత్తరపోయాడు. అన్న తన గదిలోంచి ఉరికొచ్చాడు.

"పాగల్ అయినవానే? నడిచేదాన్ని ఆపుతవా?"

"ఆపిన. ఇప్పుడు చూడు. పడుగు అదే. దాన్ని ఎవలూ తెంపలె, ఎవలూ అతకలె. నేను ముట్టేది కంప్యూటర్ ఒక్కటే." అందరికీ వినబడేలా చెప్పాను. మగ్గాలు ఒక్కొక్కటే ఆపి నేతవాళ్లు వచ్చి చుట్టూ చేరారు. టవళ్ల మగ్గం దగ్గర మా ఆయన మాత్రం అక్కడే నిలబడిపోయాడు. కండెలు చుట్టే అక్క వెళ్లి ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

నా ప్యాకేజీలు తీసేశాను. మొదట పెట్టినవే మళ్లీ పెట్టాను. కొత్తది ముందు, పాతది వెనక, అన్న చేసిన వరసలోనే. కంప్యూటర్ ఆపింది. ఆపిన సంగతి నేతవాళ్లకు వేలు పెట్టి చూపించాను. "ఇగో, వద్దంటున్నది. మా అన్న ఏం చేసిండో నేను గూడ అదే చేస్తున్న" అని ఫోర్స్ కొట్టాను. జీవితంలో మొదటిసారి ఆ మాట కొట్టాను. మగ్గం నడపమన్నాను. బెత్తెడు గుడ్డ వచ్చింది. మండలి పేరు మళ్లీ పళ్లూడిపోయింది, అచ్చం మొదటి రోజులాగే.

మా ఆయన ముందుకొచ్చి ఆ గుడ్డ మీద వేలు పెట్టి ఒక పోగు, ఒక ఖాళీ, ఒక పోగు, ఒక ఖాళీ అని తడుముతూ పోయాడు.

తర్వాత అవి పీకేసి నా మూడు ప్యాకేజీలు పెట్టాను. మగ్గం నడిచింది. పేరు నిండుగా వచ్చింది. అదే పడుగు, అవే ముడులు. మా ఆయన వేలు ఇంకా గుడ్డ మీదే ఉంది, గుడ్డ దాని కిందనుంచి కదులుతూ పోతోంది.

"మంచి చద్దరు ఖరాబ్ చేసినవ్" అన్నాడు అన్న.

"ఆ చద్దరు నేను కప్పుకుంట. నువ్వు చెప్పు, తప్పెవలది?"

"సరే, కంప్యూటర్‌దే. అయితే ఏంది ఇప్పుడు? నడుస్తున్నది గదా. చలా, అందరు పోండ్రి, పని సూసుకోండ్రి." చేతులు ఆడించి అందరినీ తరిమాడు. నేతవాళ్లు తమ తమ చోట్లకు పోయారు. ఒక్కొక్కటే మగ్గాలు మొదలయ్యాయి. పవర్‌లూమ్ కార్ఖానాలో అన్నీ నడుస్తుంటే పక్కనున్న మనిషికి కూడా, గొంతు చించుకుంటే తప్ప మాట వినబడదు. అన్న గదివైపు నడిచాడు.

మా ఆయన పోయి ఆయనకు అడ్డం నిలబడ్డాడు. గట్టిగా అరిచాడు, నాక్కూడా వినబడేంత. "నన్ను గుడ్డోడన్నది అందరి ముందట గదా బావా. ఇది గూడ అందరి ముందట చెప్పు."

అన్న ఆయన ముఖంలోకి చూశాడు. చుట్టూ నడుస్తున్న మగ్గాల వైపు చూశాడు. తర్వాత పెదాలు కదిలించాడు. ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎదురుగా నిలబడ్డ మా ఆయనకే వినబడలేదు, నాకేం వినబడుతుంది. అనేసి, అయిపోయింది కదా అన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

మా ఆయన పక్కనున్న మగ్గం దగ్గరికి పోయి ఆపేశాడు. దాని పక్కది ఆపేశాడు. నేతవాళ్లు ఎవరూ అడ్డు పడలేదు, కొందరు ఆయన రాకముందే తమవి తామే ఆపేశారు. టవళ్ల మగ్గం, చద్దర్ల మగ్గాలు, చివరికి పెద్ద మగ్గం. కార్ఖానా అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. బయట సందులో ఎవరో కూరగాయలు అమ్మే కేక వినబడింది.

మా ఆయన తిరిగొచ్చి అన్న ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు బావా."

అన్న నేల చూపులు చూశాడు. నా వైపు చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు.

"బావ అతుకుల తప్పు లేకుండె" అన్నాడు. చిన్నగానే అన్నాడు గానీ, కార్ఖానాలో ఆ చివరి మనిషి దాకా వినబడింది.